కౌమారం - మద్యపానం

మహాభారతం ఆదిపర్వంలో శుక్రాచార్యుని వృత్తాంతం ఉంది. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేత త్రాగించారు. మృతసంజీవనీ విద్య ఎరిగిన మహాజ్ఞాని సైతం తాను త్రాగుతున్నదేమిటో గుర్తించలేకపోయాడు. శిష్యుని బ్రతికించడానికి తన ప్రాణమే పణంగా పెట్టవలసి వచ్చింది. ఆ పశ్చాత్తాపంతో ఆయన సురాపానం మహాపాతకమని కట్టడి చేశాడు. అంతటివాని వివేకాన్నే హరించిన మద్యం పదహారేళ్ళ బాలునికి ఎంత కీడు చేయగలదో ఊహించవచ్చు.

అయినా కౌమారంలో కొందరు మితిమీరి ఎందుకు త్రాగుతున్నారు? దుర్మార్గులని నిందించినంత మాత్రాన కారణం బోధపడదు.

మొదటి కారణం వయోధర్మం. మెదడులో సుఖాన్నీ, ఉత్సాహాన్నీ కోరే భాగాలు ముందుగా చురుకుదనం పొందుతాయి. మంచిచెడ్డలు తూచి కోరికను అదుపుచేసే ముందుభాగం పరిణతి చెందడానికి సుమారు 25 ఏళ్ళు పడుతుంది. గుర్రాలు పరుగందుకొన్న తరువాత సారథి రథమెక్కినట్లుంటుంది ఆ స్థితి.

రెండవది, బలమైనది, స్నేహబృందం. పుట్టినరోజు విందులోనో, పరీక్షలు ముగిసిన రాత్రి హాస్టలు గదిలోనో "ఒక్కసారికి ఏమవుతుంది?" అన్న మాట వినిపిస్తుంది. మద్యంపై కోరిక కంటే తోటివారు వెలివేస్తారేమోనన్న భయమే గ్లాసు అందుకొనేటట్లు చేస్తుంది. పంతానికి పోయి గబగబా త్రాగుతారు. కొద్దిపాటి మద్యాన్ని హరించడానికే కాలేయానికి సుమారు గంట పడుతుంది. మిగిలినది రక్తంలో పేరుకొని శ్వాసను మందగింపజేస్తుంది. ప్రాణం తీయవచ్చు కూడా.

పిల్లల ఎదుటనే పెద్దలు త్రాగడం, మార్కుల ఒత్తిడి, మనసు విప్పి చెప్పుకొనే తోడు లేకపోవడం తక్కిన కారణాలు.

చట్టం అవసరమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సాగించిన సారా వ్యతిరేకోద్యమం ఊరూరా వ్యాపించి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. కాని 1997లో ఆ నిషేధం సడలింది. చట్టానికి సమాజం తోడు కావాలి. ఐస్‌లాండ్ దేశంలో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లలలో నూటికి 42 మంది అంతకు ముందు నెలలో మత్తెక్కేటట్లు త్రాగినవారే. 2016 నాటికి ఆ సంఖ్య 5కు తగ్గింది. అక్కడ పిల్లలకు ఆటలు, సంగీతం అందుబాటులోకి తెచ్చారు. తల్లిదండ్రులు వారితో ఎక్కువ కాలం గడిపారు. రాత్రివేళ బయట తిరగనీయలేదు. మద్యం ఇస్తుందనుకొన్న ఆనందాన్నీ, ఆదరణనూ మరొక మార్గంలో అందించారు.

చెడగొట్టగల స్నేహమే కాపాడనూ గలదు. మిత్రుడు వద్దన్నప్పుడు ఎగతాళి చేయకపోవడం స్నేహధర్మం. త్రాగి స్పృహతప్పిన వానిని "నిద్రపోతున్నాడులే" అని విడిచిపెట్టరాదు. ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, వెంట ఉండి, వెంటనే 108కి తెలియజేయాలి. వార్డెను దండిస్తాడన్న భయంతో దాచిన ఒక్క గంట నిండుప్రాణం బలిగొనవచ్చు. దండన నాలుగు రోజులలో మరపునకు వస్తుంది. పోయిన ప్రాణాన్ని తిరిగి తేవడానికి ఏ శుక్రాచార్యుడూ రాడు.