విమానం టికెట్టు చదువుదాం

హైదరాబాదు నుండి తిరుపతికి ఎంత దూరం?

ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. దారిని బట్టి దూరం మారుతుంది. కర్నూలు, కడప మీదుగా బస్సులో వెళ్తే సుమారు 560 కిలోమీటర్లు. రాత్రి ఎక్కితే తెల్లారి దిగుతాం. నల్లగొండ, గుంటూరు, నెల్లూరు మీదుగా పోయే రైలుకు సుమారు 660 కిలోమీటర్లు. 2023లో మొదలైన వందే భారత్ రైలుకు సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది.

విమానానికి మాత్రం సుమారు 420 కిలోమీటర్లే. ఎందుకని? రోడ్డు ఊళ్ళను కలుపుకుంటూ పోతుంది. కొండ అడ్డొస్తే చుట్టు తిరుగుతుంది. వంతెన ఉన్నచోటే నది దాటుతుంది. విమానానికి ఆ బాధ లేదు. శంషాబాదులో లేస్తుంది. కృష్ణానది దాటి, నల్లమల అడవుల మీదుగా దాదాపు తిన్నగా పోయి రేణిగుంటలో దిగుతుంది. తిరుపతి విమానాశ్రయం అక్కడే ఉంది.

రెక్కలకు పంకాలుండే చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కన 50 నిమిషాలు చాలు కదా! మరి టికెట్టు మీద గంటా పావు అని ఎందుకుంటుంది? విమానం నేల మీద కదిలినప్పటి నుండి, మళ్ళీ నేల మీద ఆగేదాకా ఆ లెక్క. పరుగుదారి దాకా మెల్లగా పోవాలి. ముందున్న విమానం లేచేదాకా ఆగాలి. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ.

ఇప్పుడు టికెట్టు చూద్దాం. అది ఇంగ్లీషులో ఉంటుంది. భయం లేదు, అంకెలు మీకు వచ్చినవే. బయలుదేరేది 18.30, చేరేది 19.45 అని ఉందనుకోండి. మన గడియారంలో 18 లేదే! టికెట్టు మీద రోజుకు 24 గంటల లెక్క. మధ్యాహ్నం ఒంటిగంటను 13 అని రాస్తారు. 12 కంటే పెద్ద అంకె కనిపిస్తే అందులోంచి 12 తీసెయ్యండి. 18లో 12 పోతే 6. అంటే సాయంత్రం ఆరున్నర.

ఆరున్నరకు వెళ్తే సరిపోతుందా? సరిపోదు. సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అందుకే రెండు గంటల ముందు, నాలుగున్నరకే చేరాలి. ఇంటి నుండి గంటన్నర దారి అయితే మూడింటికే బయలుదేరాలి. అక్కడ దిగాక సామాను కోసం అరగంట. తిరుపతి ఊళ్ళోకి మరో 15 కిలోమీటర్లు. చేరేసరికి రాత్రి తొమ్మిది. మొత్తం ఆరు గంటలు! అయినా బస్సు ప్రయాణంలో సగమే.

ఇంకో సంగతి. ఇక్కడ పొరబడితే టికెట్టు డబ్బంతా పోతుంది. గల్ఫ్ దేశాలకు పోయే విమానాలు కొన్ని అర్ధరాత్రి దాటాక లేస్తాయి. టికెట్టు మీద 12వ తేదీ, 00.40 అని ఉందనుకోండి. 00 అంటే అర్ధరాత్రి పన్నెండు. 12వ తేదీ అక్కడే మొదలవుతుంది. విదేశానికి పోయేవాళ్ళు మూడు గంటల ముందే చేరాలి. కాబట్టి 11వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే విమానాశ్రయంలో ఉండాలి. 12వ తేదీ రాత్రి భోంచేసి బయలుదేరితే, విమానం పోయి అప్పటికే ఇరవై గంటలు దాటి ఉంటుంది. మీ కొడుకో చెల్లెలో గల్ఫ్‌కు పోతుంటే ఆ అంకె మీరే ఒకసారి చదవండి.

చేసి చూడండి: టికెట్టు మీద 21.10, 22.20 అని ఉంది. విమానం రాత్రి ఎన్నింటికి బయలుదేరుతుంది? ప్రయాణం ఎంతసేపు? మీ ఇంటి నుండి శంషాబాదుకు ఎంతసేపు పడుతుందో కనుక్కోండి. మీరు ఎన్నింటికి గడప దాటాలో పలక మీద రాయండి.