బొర్రా ఘాట్ ప్రాంతపు పాత డీజిల్ పికప్ వాహనాలలో సిలిండర్ ‘మిస్సింగ్’: దోష నిర్ధారణ క్రమం

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఈ కొండవాలులలో కాఫీ, మిరియాలు, అల్లం, పసుపు, చోళ్ళు, వలిసెలు పండుతాయి. తడి పద్ధతిలో శుద్ధి చేయవలసిన కాఫీ పండ్లను కోసిన రోజే పల్పింగ్ చేయాలి. మరునాటికి వాయిదా పడితే పండు పులిసి గింజ నాణ్యత చెడుతుంది. అందువలన నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సాగే కోతకాలంలో రవాణా వాహనం కూడా పంటకోత అనంతర యాజమాన్యంలో భాగమే. వ్యవసాయ విస్తరణ పాఠాలలో దీనికి దక్కవలసినంత స్థానం దక్కలేదు.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి మండటం మానివేస్తే పోయేది నాలుగవ వంతు శక్తి మాత్రమే కాదు. మండని సిలిండర్‌లోని పిస్టన్‌ను తోయడానికి మిగిలిన మూడూ కొంత శక్తిని వెచ్చించవలసి వస్తుంది. మైదానంలో ఎలాగో లాక్కొచ్చే బండి, బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆగిపోవచ్చు. ఇంజన్ ఆగిపోతే బ్రేకుకు వాక్యూమ్ సహాయం కూడా కొద్దిసేపట్లోనే అందకుండా పోతుంది, పెడల్ గట్టిపడుతుంది. మలుపులో, వెనుక లోయ ఉన్నచోట దీని అర్థం వివరించనక్కరలేదు.

లోపం అన్నిటిదా, ఒక్కదానిదా?

సస్యశాస్త్ర విద్యార్థికి ఈ ప్రశ్న కొత్తది కాదు. చేనంతా పసుపు రంగుకు తిరిగితే ఒక కారణాన్ని, ఒక్క సాలు మాత్రమే పాలిపోతే మరొక కారణాన్ని వెతుకుతాము. ఇంజన్ విషయంలోనూ ఇదే వివేకం అవసరం. 900 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం కంటె సుమారు 8 శాతం తక్కువ. దీని వలన పికప్ తగ్గుతుంది, బరువు మీద నల్లని పొగ వస్తుంది. అయితే పలుచని గాలి నాలుగు సిలిండర్లకూ సమానంగానే అందుతుంది కాబట్టి ఒక్క సిలిండర్ మానివేయడానికి ఎత్తును కారణంగా చెప్పడం సరికాదు. ఇంధనంలో నీరు, మూసుకుపోయిన ఫిల్టరు, పైపులో చేరిన గాలి కూడా సాధారణంగా ఇంజన్ మొత్తాన్నీ బాధిస్తాయి. అప్పుడు చప్పుడు లయ లేకుండా ఎగిసి పడుతుంది. డబ్బాలలో నిలువ ఉంచిన డీజిల్ వాడే చోట, ముఖ్యంగా వానాకాలంలో, ముందుగా ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలి, ఎయిర్ తీసి చూడాలి.

ఒక్క సిలిండర్ దోషానికి లయ ఉంటుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడ్లింగ్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ 1600 సార్లు మండాలి. ఒకటి చెడితే అందులో 400 దెబ్బలు తప్పిపోతాయి. సైలెన్సర్ వద్ద చెవి పెట్టినవారికి ఆ ఖాళీ క్రమం తప్పకుండా వినిపిస్తుంది.

ఏ సిలిండర్?

పాత యాంత్రిక పంపు గల ఇంజన్‌లో, ఐడ్లింగ్ మీద ఉంచి, ఇంజెక్టర్ వద్ద పైపు నట్టును ఒక్కొక్కటిగా అర చుట్టు వదులు చేసి తిరిగి బిగిస్తారు. పనిచేస్తున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజన్ చప్పుడు మారి వేగం పడిపోతుంది. ఏ నట్టు వదిలినా తేడా రాకపోతే దోషం ఆ సిలిండర్‌దే. నట్టు చుట్టూ గుడ్డ కప్పాలి, కళ్ళద్దాలు ధరించాలి, చిమ్మే ఇంధనం వేడి మానిఫోల్డ్‌పై పడకుండా చూడాలి. పంపు నుండి వచ్చే ఇంధనం 100 బార్లకు పైబడిన ఒత్తిడితో ఉంటుంది. దాని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కామన్ రైల్ ఇంజన్‌పై ఈ పరీక్ష ఎన్నడూ చేయరాదు. అందులో ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. అటువంటి బండిని స్కానర్‌తో పరీక్షించాలి.

నట్టు వదలడానికి జంకేవారికి నిరపాయమైన పద్ధతి ఒకటి ఉంది. చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి, ఒకటి రెండు నిమిషాల తరువాత మానిఫోల్డ్‌లోని ఒక్కొక్క గొట్టం మొదట నీటి చుక్క వేయాలి. మండని సిలిండర్ వద్ద చుక్క ఆలస్యంగా ఆరుతుంది. పైరు ఆకుల ఉష్ణోగ్రత కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పరిశోధనా కేంద్రంలో ఉంటే, దాని కొలత పరిమితికి లోబడి, అదే పనికి వాడుకోవచ్చు.

ఎందువలన?

షెడ్డులలో తరచుగా జరిగే పొరపాటు ఇక్కడే. సిలిండర్ తెలిసిన వెంటనే కొత్త నాజిల్ కొనిపిస్తారు. తెగులు గుర్తించకుండా మందు పిచికారీ చేయించడానికి దీనికి తేడా లేదు. ఖర్చు లేని పరీక్షలు ముందు జరగాలి. టాపెట్ సందు తయారీదారు సూచించిన కొలత కంటె బిగుసుకుంటే, ఇంజన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూయదు. ఇంజెక్టర్ అడుగున ‘ఫస్ ఫస్’మని గాలి చప్పుడు వస్తుంటే అక్కడి రాగి వాషరు కారుతున్నట్లే.

ఇవి సరిగా ఉంటే, ఉదాహరణకు దోషం 2వ సిలిండర్‌లో ఉన్నదనుకుంటే, దాని ఇంజెక్టర్‌ను 3వ దానితో మార్చి, కొత్త వాషర్లు వేసి బిగించాలి. మిస్సింగ్ 3వ సిలిండర్‌కు పోతే నాజిల్‌దే లోపం, దానిని టెస్టర్‌పై చూపించాలి. 2వ దానిలోనే నిలిచిపోతే, పైపుల కొసలను రేకు డబ్బాలలో ఉంచి, స్టార్టర్ తిప్పి, అన్నిటి నుండీ ఇంధనం సమానంగా వస్తున్నదా చూడాలి. 2వ పైపులో తగ్గితే పంపుదే లోపం. సమానంగా వస్తే కంప్రెషన్ కొలవాలి. ఒక సిలిండర్‌కు మిగిలిన వాటితో పోలిస్తే 10 శాతానికి మించి తక్కువ ఉంటే వాల్వులను, రింగులను అనుమానించాలి. పక్కపక్కనున్న రెండింటిలో తగ్గితే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ పోయినట్లు భావించవచ్చు. పెట్రోల్ ఇంజన్‌లో చేసినట్లు సిలిండర్‌లో నూనె పోసి చూసే పద్ధతి డీజిల్‌కు తగదు. దహన గదిలో ఉండే ఖాళీ చాలా తక్కువ కాబట్టి పిస్టన్‌కు, కనెక్టింగ్ రాడ్‌కు దెబ్బ తగులుతుంది.

పొగ రంగు తోడ్పడుతుంది గాని, దాని మీదనే తీర్పు చెప్పరాదు. పచ్చి డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తే ఇంధనం చేరుతున్నది గాని మండటం లేదని అర్థం. నీలిపొగ ఆయిల్ మండటాన్ని తెలుపుతుంది. రేడియేటర్ నీరు తగ్గుతూ తెల్లని ఆవిరి వస్తే గ్యాస్కెట్ వైపు చూడాలి. నల్లపొగకు నాజిల్ నుండి ఎయిర్ ఫిల్టర్ వరకు కారణాలు అనేకం, ఎత్తు కూడా అందులో ఒకటి.

మరమ్మతు తరువాత బండిని షెడ్డు ముందు ఐడ్లింగ్‌లో విని పంపివేయడం చాలదు. ఇంజన్ వేడెక్కిన తరువాత, అనుమతించిన బరువుతో ఒక ఎక్కుడు ఎక్కించి చూడాలి. చెడిన సిలిండర్ సంఖ్య, కంప్రెషన్ కొలత, తిరిగిన కిలోమీటర్లు పుస్తకంలో రాసి ఉంచాలి. అదే సిలిండర్ మరుసటి కోతకాలంలో మళ్ళీ చెడితే, మెకానిక్కు పరీక్షను ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పేజీలో ఉంటుంది.