మోతి వయసెంత?

హోసూరు దగ్గరి ఒక పల్లెలో, ఒక రైతు ఇంట్లో, ఒకే నెలలో ఇద్దరు పుట్టారు. ఒకరు ఆ ఇంటి అబ్బాయి. రెండవది పశువుల కొట్టం వెనుక పుట్టిన కుక్కపిల్ల. దానికి మోతి అని పేరు పెట్టారు. ఇద్దరూ కలిసే పెరిగారు. అబ్బాయి బడికి పోయేటప్పుడు ఊరి చివరి కానుగ చెట్టు దాకా మోతి వెంట వెళ్ళేది. రాత్రిపూట రాగి చేనికి కావలి కూడా అదే.

ఇప్పుడు అబ్బాయికి పన్నెండేళ్ళు. ఏడవ తరగతి చదువుతున్నాడు. మోతికీ పన్నెండేళ్ళే. కాని కొంతకాలంగా అది మారిపోయింది. పిలిస్తే వెంటనే లేవదు. మూతి మీద వెంట్రుకలు నెరిశాయి. కొత్తవాళ్ళు వాకిట్లోకి వచ్చినా మొరగదు. ఒక రాత్రి అడవిపందులు వచ్చి చేనంతా తొక్కేశాయి. మోతి అరుగు మీద పడుకునే ఉంది.

"తిండి దండగ! దీనికి బద్ధకం పట్టింది. వచ్చే సంతకు బండిలో తీసుకుపోయి అక్కడే వదిలేస్తాను" అన్నాడు నాయన.

"బద్ధకం కాదు నాయనా, ఒళ్ళు బాగలేదేమో! నా ఈడుదే కదా, అప్పుడే ముసలిదవుతుందా?" అన్నాడు అబ్బాయి.

మరునాడు నాయన ఎద్దు కాలికి మందు వేయించడానికి పశువైద్యశాలకు బయలుదేరాడు. అబ్బాయి మోతిని కూడా తీసుకువెళ్ళాడు. డాక్టరు దాని కళ్ళు చూశాడు. వెనుక నిలబడి చప్పట్లు కొట్టాడు. మోతి తల తిప్పలేదు. నోరు తెరిచి పళ్ళు చూశాడు.

"దీనికి బద్ధకమూ లేదు, జబ్బూ లేదు. వయసైంది. చెవులు సరిగా వినపడడం లేదు" అన్నాడు.

"పన్నెండేళ్ళే కదా సార్?" అన్నాడు అబ్బాయి.

డాక్టరు నాయన వైపు తిరిగాడు. "ఏమప్పా, సంతలో కోడెను కొనేటప్పుడు ఏం చూస్తావు?"

"పళ్ళు చూస్తాను సార్."

"ఎప్పుడు పుట్టిందో అడగవచ్చు కదా?"

నాయన నవ్వాడు. "అమ్మేవాడి మాట ఎవరు నమ్ముతారు సార్? పళ్ళు అబద్ధం చెప్పవు."

రైతులకు ఈ విద్య తరతరాలుగా తెలుసు. ఎద్దుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు. కింది దవడలో ముందు ఎనిమిది ఉంటాయి. దూడగా ఉన్నప్పటి పాలపళ్ళు నడిమి జత మొదలుకొని రెండేసి చొప్పున ఊడి, వాటి స్థానంలో పెద్ద పళ్ళు వస్తాయి. మొదటి జత రెండు, రెండున్నర ఏళ్ళ వయసులో వస్తుంది. నాలుగున్నర, ఐదేళ్ళకు ఎనిమిదీ నిండుతాయి. అందుకే 'రెండు పళ్ళ కోడె', 'నాలుగు పళ్ళ కోడె' అనే మాటలు వచ్చాయి. ఆపైన పళ్ళు ఎంత అరిగాయో చూసి వయసును అంచనా వేస్తారు.

అదే పరీక్ష కుక్కకూ, మనిషికీ పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కుక్కపిల్ల పుట్టిన పది, పదిహేను రోజులకు కళ్ళు తెరుస్తుంది. మూడు వారాలకు తడబడుతూ నడుస్తుంది. ఆరేడు నెలలకు దాని 28 పాలపళ్ళూ ఊడిపోయి 42 పెద్ద పళ్ళు వస్తాయి. మనిషి బిడ్డకు నడక రావడానికే దాదాపు ఏడాది పడుతుంది. 20 పాలపళ్ళు ఊడడం ఆరేళ్ళ వయసులో మొదలై పన్నెండేళ్ళ దాకా సాగుతుంది. అంటే, పళ్ళ విషయంలో మోతి ఏడు నెలలకే చేరిన చోటికి అబ్బాయి ఏడవ తరగతికి వచ్చాక చేరాడు!

కుక్కకు ఒక ఏడాది మనిషికి ఏడేళ్ళతో సమానమని చాలామంది అంటారు. గుణించడం సులభం కాబట్టి ఆ మాట బాగా వ్యాపించింది. కాని అది సరికాదు. ఏడాది తిరిగేసరికి ఆడకుక్క పిల్లలను కనగలదు. ఏడేళ్ళ పాప ఇంకా పలకతో ఆడుకుంటూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో బ్లూయీ అనే కుక్క 1910లో పుట్టి 1939లో చనిపోయిందని రికార్డు ఉంది. 29 ఏళ్ళు బతికిన ఆ కుక్క వయసును ఏడుతో గుణిస్తే 203 అవుతుంది. అన్నేళ్ళు బతికిన మనిషి ఎవరూ లేరు.

డాక్టరు చెప్పిన లెక్క వేరు. అమెరికా పశువైద్యుల సంఘం కూడా ఈ లెక్కనే చెబుతుంది. మధ్యరకం కుక్కకు మొదటి ఏడాది మనిషికి 15 ఏళ్ళ వంటిది. రెండవ ఏడాది మరో 9 ఏళ్ళు. ఆ తరువాత ఒక్కొక్క ఏడాదికి సుమారు 5 ఏళ్ళు. ఈ లెక్కన మోతి వయసు 15, 9, 50 కలిపి 74.

2020లో కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు మరొక దారి పట్టారు. వయసు పెరిగేకొద్దీ జీవకణాలలోని డీఎన్ఏ మీద కొన్ని రసాయన గుర్తులు మారుతూ ఉంటాయి. 104 లాబ్రడార్ కుక్కలలో ఆ గుర్తులను చూసి, మనుషుల గుర్తులతో పోల్చారు. వారి లెక్క ప్రకారం ఏడాది కుక్క ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి వంటిది! నాలుగేళ్ళ కుక్క 53 ఏళ్ళ మనిషికి సమానం. ఆపైన వేగం తగ్గుతుంది. పన్నెండేళ్ళ కుక్కకు 71 వస్తుంది. చిన్న వయసులో రెండు లెక్కలూ కలవవు కాని, మోతి వయసు దగ్గరకు వచ్చేసరికి దాదాపు కలుస్తాయి.

ఇంకొక చిత్రం ఉంది. ఎలుక రెండు మూడేళ్ళు బతుకుతుంది, ఏనుగు అరవై డెబ్బై ఏళ్ళు బతుకుతుంది. పెద్ద జంతువుకు ఎక్కువ ఆయుష్షు అన్నమాట. కుక్కలలో మాత్రం ఇది తారుమారు. దూడంత ఎత్తుండే గ్రేట్ డేన్ కుక్కకు ఎనిమిది, పదేళ్ళు రావడమే ఎక్కువ. ఒళ్ళో పట్టే పొమెరేనియన్ పద్నాలుగేళ్ళ దాకా హాయిగా తిరుగుతుంది.

పిల్లికి మొదటి రెండేళ్ళ లెక్క కుక్కలాగే ఉంటుంది. తరువాత ఏడాదికి నాలుగేళ్ళ చొప్పున కలపాలి. పదేళ్ళ పిల్లి అంటే 56 ఏళ్ళ మనిషి. అమెరికాలో ఒక పిల్లి 1967 నుంచి 2005 దాకా 38 ఏళ్ళు బతికింది. దానికి ఈ లెక్క వేస్తే 168 వస్తుంది కాబట్టి, ఇవన్నీ అంచనాలే తప్ప ఎక్కాల పట్టిక కావు.

డాక్టరు లెక్కంతా విని నాయన కొంచెంసేపు మాట్లాడలేదు. ఇంట్లో అవ్వకు డెబ్బై రెండేళ్ళు.

"అయితే ఇది మా అమ్మ ఈడుది" అన్నాడు చివరకు.

"అవును. అమ్మను రాత్రి చేనికి కావలి పంపుతావా?" అన్నాడు డాక్టరు. తరువాత చేయవలసినవి చెప్పాడు. ఒకేసారి పెట్టే తిండిని రెండు మూడుసార్లుగా, మెత్తగా పెట్టాలి. సైకిలు వెంట పరుగెత్తించకూడదు. హోసూరు చలికి కీళ్ళు పట్టేస్తాయి కాబట్టి కింద గోనె పరచాలి. వెనుకనుంచి హఠాత్తుగా తాకకూడదు, వినపడని కుక్క బెదిరి కరవవచ్చు. ముసలిది కదా అని ఏటేటా వేసే రేబీస్ టీకా మానకూడదు. ఉన్నట్టుండి తిండి మానేసినా, నీళ్ళు మరీ ఎక్కువగా తాగినా వెంటనే తీసుకురావాలి.

ఇంటికి వచ్చాక అబ్బాయి అరుగు మీద గోనె పరిచాడు. అవ్వ కాస్త పక్కకు జరిగి ఎండ పడే చోటు మోతికి ఇచ్చింది.

ఆ రాత్రి చేని కావలికి నాయన తానే వెళ్ళాడు.