ప్రశ్నలు - జవాబులు: ఐఏఎస్ కొలువులో మెట్లు, మలుపులు

ప్రశ్న: గ్రూప్-1 ద్వారా డిప్యూటీ కలెక్టరుగా చేరినవారికి ఐఏఎస్ ఎప్పుడు దక్కుతుంది? సబ్ కలెక్టరు, ఆర్డీఓ చేసే పని ఒకటే అయినప్పుడు ఇద్దరికీ తేడా ఎక్కడుంది?

జవాబు: రెవెన్యూ డివిజన్ అధిపతి కుర్చీ ఒక్కటే. అందులో నేరుగా ఎంపికైన ఐఏఎస్ అధికారి కూర్చుంటే సబ్ కలెక్టరనీ, రాష్ట్ర సర్వీసుకు చెందిన డిప్యూటీ కలెక్టరు కూర్చుంటే ఆర్డీఓ అనీ తెలుగు రాష్ట్రాల్లో వ్యవహారం. భూసేకరణ విచారణలు, తహసీల్దారు ఉత్తర్వులపై అప్పీళ్లు, ఎన్నికల విధులు, వరదలొస్తే పునరావాస కేంద్రాలు తెరిపించడం ఇద్దరికీ సమానమే. తేడా అంతా కాలంలో ఉంది. ముస్సోరి అకాడమీలోనూ జిల్లాలోనూ శిక్షణ ముగించుకున్న అధికారికి ఆ కుర్చీ తొలి మెట్టు. ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి, జాయింట్ కలెక్టరు (తెలంగాణలో 2020 నుంచి అదనపు కలెక్టరు) వంటి పదవుల మీదుగా, ముప్పైల వయసులోనే జిల్లా కలెక్టరు కావడానికి వీలుంటుంది.

డిప్యూటీ కలెక్టరు దారి వేరు. 1955 నాటి పదోన్నతి నిబంధనల ప్రకారం ఆ స్థాయిలో కనీసం 8 ఏళ్ల సర్వీసు ఉండి, 56 ఏళ్లు దాటనివారిని, యూపీఎస్సీ అధ్యక్షుడు గానీ సభ్యుడు గానీ అధ్యక్షత వహించే ఎంపిక సంఘం పరిశీలిస్తుంది. ఈ కోటా రాష్ట్రంలోని సీనియర్ ఐఏఎస్ పోస్టుల్లో మూడో వంతుకు మించదు. రెవెన్యూ వారికి ఇంటర్వ్యూ ఉండదు. ఏళ్ల తరబడి పేరుకున్న రహస్య నివేదికలే వారి తరఫున మాట్లాడతాయి. ఇతర శాఖల గెజిటెడ్ అధికారులకు కేటాయించిన కొద్దిపాటి వాటాకు మాత్రం ఇంటర్వ్యూ ఉంటుంది. ఇలా వచ్చినదాన్నే కార్యాలయాల్లో ‘కన్ఫర్డ్ ఐఏఎస్’ అంటారు. ఎనిమిదేళ్లు నిండగానే వచ్చిపడుతుందని ఎవరూ లెక్కలు వేసుకోనక్కరలేదు. ఖాళీలు ఏర్పడాలి, డిప్యూటీ కలెక్టర్ల సీనియారిటీ జాబితా వివాదాల నుంచి బయటపడాలి. తహసీల్దారు నుంచి ఎదిగినవారికీ నేరుగా చేరినవారికీ మధ్య ఆ జాబితాపై పేచీ మొదలైతే, అర్హత ఉన్నవారు సైతం ఏళ్లకేళ్లు నిరీక్షించాల్సి వస్తుంది.

ప్రశ్న: పై అధికారి గానీ మంత్రి గానీ నోటిమాటగా ఆదేశమిచ్చి, ఫైలు మీద ఏమీ రాయకపోతే కింది అధికారి ఏం చేయాలి?

జవాబు: నిబంధన స్పష్టంగానే ఉంది, పాటించే ధైర్యానికే కొరత. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1968లోని 3వ నియమం ప్రకారం పై అధికారి ఆదేశం సాధారణంగా లిఖితపూర్వకంగా ఉండాలి. తప్పనిసరై నోటిమాటగా ఇస్తే వెంటనే దాన్ని రాతలో ధ్రువపరచాలి. అలా ధ్రువపరచమని అడగడం కింది అధికారి బాధ్యత. అంటే రాతపూర్వక ఆదేశం కోరడం ధిక్కారం కాదు, విధి. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ తదితరులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న ఇచ్చిన తీర్పు కూడా, మంత్రులూ పై అధికారులూ నోటితో ఇచ్చే ఆదేశాలను అధికారులు నమోదు చేయాల్సిందేనని చెప్పింది.

నమోదు ఎక్కడ, ఎలా అన్నది అసలు ప్రశ్న. సచివాలయ ఫైలుకు రెండు భాగాలుంటాయి: బయటినుంచి వచ్చిన ఉత్తరాలు, నివేదికలు ఉండేది కరెంటు ఫైలు, వాటిపై సెక్షన్ అధికారి మొదలు కార్యదర్శి, మంత్రి వరకు ఒకరి కింద ఒకరు అభిప్రాయాలు రాసేది నోట్‌ఫైలు. నోట్‌ఫైలులో పేరాలకు వరుస సంఖ్యలుంటాయి కనుక నడుమ ఒక కాగితం మాయమైతే తెలిసిపోతుంది. ఈ-ఆఫీసు వచ్చాక ఎవరు ఏ నిమిషంలో ఏం రాశారో కూడా నిలిచి ఉంటుంది. జాగ్రత్తపరుడైన అధికారి అందులో, ‘ఫలానా తేదీన తమ ఛాంబరులో జరిగిన సమీక్షలో గౌరవ మంత్రివర్యులు సూచించిన ప్రకారం ప్రతిపాదన సిద్ధపరచి, ఉత్తర్వుల జారీకి ముందు ధ్రువీకరణ నిమిత్తం సమర్పించడమైనది’ అని రాసి ఫైలును పైకి పంపుతారు. వాక్యంలో మర్యాదకు లోటు లేదు, తేదీ ఉంది, చెప్పినవారెవరో ఉంది. దీనికి బదులు ‘చర్చించిన మేరకు’ అన్న పొట్టి మాట రాసి ఊరుకునే అలవాటు మాత్రం ప్రమాదకరం. ఎవరు ఎవరితో ఏం చర్చించారో అది చెప్పదు, పదేళ్ల తరువాత దర్యాప్తు సంస్థ ఫైలు తెరిచినప్పుడు అక్కడ కనిపించేది కింద ఉన్న సంతకమొక్కటే.

అభ్యంతరం నమోదు చేశాక మంత్రి దాన్ని తోసిపుచ్చి తన నిర్ణయాన్ని రాతలో ఇస్తే, అది చట్టవిరుద్ధం కానంతవరకు అధికారి దాన్ని అమలు చేయాల్సిందే. సలహా అధికారిది, నిర్ణయం ప్రజలెన్నుకున్నవారిది. ఈ హద్దు మరచి ప్రతి ఫైలునూ యుద్ధరంగంగా మార్చే అధికారులూ లేకపోలేదు. వారివల్ల నిజమైన అభ్యంతరాల విలువ తగ్గుతుంది.

ప్రశ్న: ముక్కుసూటిగా ఉన్నందుకు అప్రధానమైన పోస్టుకు బదిలీ చేస్తే ఉద్యోగ జీవితం ముగిసినట్లేనా?

జవాబు: పై తీర్పు దరిమిలా 2014 జనవరిలో కేడర్ నియమాలు సవరించారు. వాటి ప్రకారం కేడర్ పోస్టులో కనీసం రెండేళ్లు ఉంచాలి. అంతకు ముందే కదిలించాలంటే ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని సివిల్ సర్వీసెస్ బోర్డు సిఫారసు కావాలి. కాగితం మీది ఈ రక్షణ ఆచరణలో పలుచనిదే, ఎందుకంటే బదిలీని న్యాయస్థానాలు శిక్షగా కాక ఉద్యోగంలో సహజమైన విషయంగానే చూస్తాయి. దానికంటే గట్టి రక్షణ 2007 నాటి పనితీరు మదింపు నియమాలలో ఉంది: పూర్తి నివేదికను అధికారికి చూపాలి, దానిపై 15 రోజుల్లో వివరణ ఇచ్చుకోవచ్చు. ‘లూప్‌లైన్’ అని పిలిచే పోస్టులో ఉన్నవారు ఈ గడువును జారవిడుచుకోరాదు, బదిలీ గాయం మానినా తక్కువ మార్కులు ఎంప్యానెల్‌మెంట్ దాకా, అంటే కేంద్రంలో సంయుక్త కార్యదర్శి, ఆపై స్థాయి పదవులకు అర్హుల జాబితా తయారయ్యే దాకా, వెంటాడతాయి.

అప్రధానమన్న మాటకే ఎస్.ఆర్. శంకరన్ ఉద్యోగ చరిత్ర జవాబు. 1957 బ్యాచికి చెందిన ఆయన, పెద్దగా పోటీ ఉండని సాంఘిక సంక్షేమ శాఖను చేపట్టి, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌లో గట్టిగా అమలుకు తెచ్చారు. తరువాత నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో త్రిపుర ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయనా ఒకరు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పదవీ విరమణ చేశారు. 2005లో ప్రకటించిన పద్మభూషణ్‌ను స్వీకరించలేదు.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన వెంటనే ప్రైవేటు కంపెనీలో చేరవచ్చా?

జవాబు: విరమణ వయసు 60. ఆ తరువాత ఏడాది లోపు వాణిజ్య సంస్థలో ఉద్యోగమైనా, కన్సల్టెన్సీ అయినా ప్రభుత్వ ముందస్తు అనుమతి తీసుకోవాలి. చాలామంది చూపు కమిషన్ల మీద ఉంటుంది కానీ, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యులకు వయోపరిమితి 62 కాబట్టి అక్కడ మిగిలేది రెండేళ్లే. పైగా రాజ్యాంగం 319వ అధికరణం ప్రకారం, ఆ సభ్యత్వం ముగిశాక ఏదో ఒక పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో తప్ప మరే ప్రభుత్వ ఉద్యోగమూ చేపట్టే వీలుండదు.