మూత తీసి చూసిన నలభై ఏళ్లు

నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో పైపుల పని మొదలుపెట్టిన రోజుల్లో చాలా ఇళ్లకు మురుగు పైపే లేదు. గిన్నెలు తోమిన నీళ్లు అరటి చెట్టుకు పోయేవి. గంజి, బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోలెంలోకి, స్నానం నీళ్లు వాకిలి దాటి మోరీలోకి. తర్వాత బర్రెలు పోయాయి, గోలేలు పోయాయి. బోర్లు వచ్చాయి, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. వాడకం పెరిగింది గానీ, ఆ నీళ్లన్నీ పోవాల్సింది ఒక సన్నటి ప్లాస్టిక్ పైపులోంచి. ఈ నలభై ఏళ్లలో నేను విప్పి చూసిన జాముల్లో ఒక్క రోజులో తయారైనది దాదాపు లేదు. నెలల తరబడి ఇంట్లోవాళ్లే పేర్చినవి. అందుకే ఇవి రాస్తున్నాను.

1. కుడితి గోలెంలో పోసేదాన్ని పైపులో పోయకండి.

"కాకా, ఉత్త నీళ్లే పోసిన, ఇంకేం వెయ్యలే" అని ప్రతి ఇంట్లో అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. గంజి పోసేటప్పుడు నీళ్లలాగే ఉంటుంది, బజ్జీల నూనె వేడిమీద నీళ్లలాగే జారుతుంది. పైపులోకి వెళ్లి చల్లారాక కదా దాని సంగతి తెలిసేది! మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నూనె, సబ్బు, ఆ సున్నం కలిసి పైపు గోడకు తెల్లగా పట్టేస్తాయి. దానిమీద గంజి, గంజిమీద మెతుకులు. ఒకసారి ఒక ఇంట్లో రెండంగుళాల పైపు కోస్తే లోపల చిటికెన వేలు పట్టే సందు మాత్రమే మిగిలి ఉంది. 2017లో లండన్‌లో, వైట్‌చాపెల్ వీధి కింద సుమారు 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ మురుగు కాలువను మూసేసింది. అక్కడ కాలువ పెద్దది, ఇక్కడ పైపు చిన్నది. జరిగేది మాత్రం ఒకటే.

మూకుడును, పెనాన్ని తోమడానికి ముందు పాత పేపరుతో తుడవండి. గంజి చల్లార్చి చెట్ల మొదట్లో పోయండి. సింకులో జాలీ పెట్టండి. వేడినీళ్లు పోస్తే నూనె కరిగిపోతుందని కొందరి నమ్మకం. అది కాస్త ముందుకు జరిగి, మన చెయ్యి అందని చోట మళ్లీ గడ్డ కడుతుంది.

2. వెంట్రుకలు, పీచు, షాంపూ ప్యాకెట్ మూల.

ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వారానికోసారి బాత్రూం నేలమీది నాని ట్రాప్ మూత లేపి చేత్తో తీసేస్తే చాలు. ఐదు నిమిషాల పని.

3. కొత్తింట్లో మొదటి జాము మేస్త్రీలు పెట్టిపోతారు.

గృహప్రవేశం అయిన వారానికే బాత్రూంలో నీళ్లు నిలిచాయని ఒక ఇంటివాళ్లు పిలిచారు. టైల్స్ సందులు నింపినవాళ్లు తెల్ల సిమెంటు గిన్నె అదే ట్రాప్‌లో కడిగారు. లోపల రాయిలా బిగుసుకుపోయింది. కొత్త టైల్స్ పగలగొట్టడం తప్ప దారి లేకపోయింది. ఆ ఇంటావిడ ఏడ్చింది. నాకిప్పటికీ ఆ సుత్తి చప్పుడు గుర్తే. పని జరిగినన్నాళ్లూ ప్రతి పైపు మూతికి గోనెపట్టా కుక్కి, గట్టిగా కట్టేయండి.

4. వాలు కంటితో చూసి ఒప్పుకోకండి.

నాలుగంగుళాల పైపుకు పదడుగులకు రెండంగుళాల వాలు ఉండాలి. మట్టం గొట్టం పట్టి చూపించమని అడగండి. మలుపు దగ్గర ఒక్కసారిగా తిప్పే ఎల్బో బదులు రెండు సగం వంపులు వేయించండి, మలుపు మలుపుకీ చాంబరు కట్టించండి. గాలి పైపు ఖర్చు మిగుల్చుకోవద్దు. అది లేకుంటే ఫ్లష్ చేసినప్పుడల్లా ట్రాప్‌లో గుడగుడమని నీళ్లు లాగేసుకుని, ఇల్లంతా కంపు కొడుతుంది.

5. యాసిడ్‌తో పని కానివ్వాలని చూడకండి.

అది వెంట్రుకలను సరిగా కరిగించదు, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

6. సెప్టిక్ ట్యాంకులో మనిషిని దింపకండి.

దీని పక్కన ఇంకే పాఠమూ నిలవదు. చిన్నప్పుడు నేనూ దీపం దింపి చూసి, ఆరకపోతే దిగేవాణ్ని. దీపం వెలిగినంత మాత్రాన లోపల విషవాయువు లేదని కాదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే ఆ వాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగుతాడు. ఇలా ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోతారు.

2013లో వచ్చిన చట్టం రక్షణ లేకుండా ట్యాంకులో మనిషిని దింపడాన్ని నేరంగా చెప్పింది. చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని ముప్ఫై లక్షలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ పనిలోని మనుషుల కోసం బతుకంతా కొట్లాడిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర ఒక తెలుగు కుటుంబంలో పుట్టాడు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. మన పక్క వరంగల్ కూడా 2016లోనే ట్యాంకుల మలవ్యర్థాలను ఎలా తీయాలి, ఎక్కడ పోయాలి అని నిబంధనలు పెట్టుకుంది.

రెండు మూడేళ్లకోసారి బండి పిలిచి లాగించండి. నిండి పొంగాక పిలిస్తే తొందరలో తప్పులు జరుగుతాయి. లాగినదాన్ని చెరువు పక్కనో చెలకలోనో పోస్తానంటే ఒప్పుకోకండి.

7. వీధి మోరీ పక్కన ఇసుక కుప్ప పోస్తే మొదటి వానకే అది మోరీలో ఉంటుంది. అడ్డం పెట్టి, పట్టా కప్పండి. పైపు మీద చెట్టు నాటేముందు ఆలోచించండి. అతుకులో చెమ్మ దొరికితే వేరు లోపలికి వస్తుంది.

8. పైపులు ఎటు పోయాయో గీసి పెట్టుకోండి.

పూడ్చేలోపు ఫోన్‌లో ఫోటో తీయండి, గోడ నుంచి ఎన్ని అడుగుల దూరమో రాయండి. మా ఇంటి పైపుల గీత కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలి వైపు పెయింటుతో వేశాను. మొన్న చాంబరు మూత ఎక్కడుందో మా మనవరాలు ఆ గీత చూసి, అడుగులు వేసి, నాకే చూపించింది.