నెలసరి లెక్కయు, సంతాన నియమనమును

మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములో నుండిన కాలముననే, 1930 లో, మైసూరు సంస్థానము ప్రభుత్వ పక్షమున సంతాన నియమన కేంద్రములను తెరచినది. ప్రపంచమున ప్రభుత్వములు తెరచిన తొలి కేంద్రములలో అవి యొకటి. 1952 ప్రాంతమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారు అదే రాష్ట్రమందలి రామనగరమున స్త్రీలకు రంగుపూసల దండలనిచ్చి, దినమున కొక పూస జరుపుచు గర్భము నిలువగల దినములను గుర్తింపుడని బోధించిరి. ఆ పద్ధతి అంతగా ఫలింపలేదు. తప్పు పూసలది కాదు, స్త్రీలదియు కాదు. శరీరపు లెక్క పూసల లెక్కవలె నడువదు.

మెదడు క్రింద బఠాణీగింజంత పీయూషగ్రంథి కలదు. అది రక్తములోనికి విడుచు ఒక హార్మోనువలన అండాశయములో అండము పక్వమగును. పక్వమగుచున్న అండపు తిత్తి ఈస్ట్రోజెనును స్రవించును. దానిచే గర్భాశయపు లోపొర దళసరి యగును. ఈస్ట్రోజెను మిక్కిలి హెచ్చినపుడు పీయూషగ్రంథి రెండవ హార్మోనును వెల్లువగా విడుచును. సుమారు ఒకటిన్నర దినములో అండము వెలువడును. ఖాళీయైన తిత్తి ప్రొజెస్టిరోనును స్రవించి లోపొరను నిలిపియుంచును. గర్భము నిలువనిచో ఆ తిత్తి రమారమి 14 దినములలో ఎండిపోవును, పొర రాలును. అదియే ముట్టు.

ఇందు ముఖ్య విషయ మొకటి. వెనుకటి సగము ఇంచుమించు స్థిరము. ముందటి సగమే జ్వరముచేతను, దిగులుచేతను, చిక్కిపోవుటచేతను సాగును. 28 దినముల స్త్రీకి 14వ దినమున, 35 దినముల స్త్రీకి 21వ దినమున అండము వెలువడును. ఋతుకాలము 16 రాత్రులని మనుస్మృతి చెప్పిన లెక్క మొదటి యామెకు సరిపోవును గాని రెండవ యామెకు సరిపోదు. అండము ఒక దినమే జీవించినను, పురుషబీజము 5 దినములవరకు జీవింపగలదు. కావున "స్నానమై పదిదినములైనది, భయము లేదు" అను మాటను నమ్మరాదు.

ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా నిచ్చు మాలా-ఎన్ మాత్రలో ఈ రెండు జాతుల హార్మోనులును కలవు. ఇవి నిత్యము రక్తములో నుండుటచే పీయూషగ్రంథి వెల్లువ విడువదు, అండము వెలువడదు. 28 మాత్రలలో 21 హార్మోనువి, తక్కిన 7 ఇనుమువి. రక్తపుపోటు గలవారును, పాలిచ్చు తల్లులును వైద్యునడుగక వీనిని వాడరాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున పుట్టిన ఛాయా మాత్రలో హార్మోను లేదు. దానిని తొలి మూడు నెలలు వారమునకు రెండు మారులును, పిదప ఒక మారును వేసికొనవలెను.

తండ్రులు కూడ చదువవలసిన సంగతి కడపట వ్రాయుచున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, వివాహితలలో శస్త్రచికిత్స చేయించుకొన్నవారు నూటికి 37.9, భర్తకు చేయించినవారు 0.3 మాత్రమే. పొట్టకోయుటకంటె పురుషుని చికిత్స చిన్నది. అందువలన పౌరుషము తగ్గదు, ఏలయన హార్మోనులను పుట్టించు గ్రంథులను వైద్యుడు తాకడు. అయితే పిదప మూడు నెలలవరకు, పరీక్షలో బీజము లేదని తేలువరకు, వేరొక జాగ్రత్త తప్పదు.