వ్యాకరణముతో యంత్రమును పరీక్షించుట

మన మనోహరాబాదునుండి సిద్దిపేటకు ప్రయాణికుల రైలు 2023వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ప్రారంభమయ్యెనని చదువరు లెఱుగుదురు. ఏ క్రొత్త మార్గము నైనను ప్రజలకు తెఱచుటకు ముందు రైల్వే భద్రతా కమీషనరు తనిఖీ చేసి సమ్మతింపవలెనని నియమము. పట్టాలు కంటికి సరిగా కనబడిన చాలదు. వాటిపై బండిని నడిపి చూడవలెను. కంప్యూటరు లోకమునందును నిట్లే పరీక్షింపవలసిన మార్గ మొకటి కలదు. దాని పేరు కంపైలరు. దానిని పరీక్షించు విధము నొకదానిని ఈ వ్యాసమున వివరించెదను. మన తెలుగు లిపికిని ఆ పరీక్షకును గల సంబంధము చాలమందికి తెలియదు గనుక, అచ్చట కొంచెము విస్తరించి వ్రాయుదును.

మనుష్యుడు తనకు సులభమగు భాషలో ప్రోగ్రాము వ్రాయును. యంత్రమున కా భాష రాదు. దానికి తెలిసినవి అంకెల రూపమున నుండు ఆజ్ఞలు మాత్రమే. ఈ రెంటి నడుమ నిలిచి మాట మార్చి చెప్పు దుబాసియే కంపైలరు. ఇది మొదట పదములను విడదీయును. పిమ్మట ఆ పదములు వ్యాకరణము ననుసరించి కూర్చబడినవో లేవో చూచును. తరువాత అర్థమును విచారించి, పని త్వరగా ముగియునట్లు వాక్యములను కుదించి, తుదకు యంత్రాజ్ఞలను వ్రాయును. దుబాసి తప్పు చెప్పినచో సాక్షి యెంత సత్యవంతుడైన నేమి లాభము? ప్రోగ్రాము వ్రాసినవాడు తన వ్రాతలో తప్పు వెదకుచు రాత్రులు గడపును; తప్పు మాత్రము దుబాసిది.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బార్టన్ మిల్లర్ 1988లో నొక వానరాత్రి ఇంటినుండి టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరును వాడుచుండెను. వానవలన తీగలో పుట్టిన చప్పుడు పిచ్చి అక్షరములుగా మారి ఆయన టైపు చేసిన మాటలతో కలిసెను. పిచ్చి అక్షరములు వచ్చుటలో వింత లేదు. వాటికే ప్రోగ్రాములు కూలిపోవుట వింత. ఆయన ఇదే పనిని తన విద్యార్థులకు అభ్యాసముగా నిచ్చి, దానికి ఫజ్ అని పేరు పెట్టెను. 1990లో ప్రకటింపబడిన ఫలితమును బట్టి, వారు పరీక్షించిన యూనిక్సు ప్రోగ్రాములలో నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు కూలిపోయినవి, లేదా కదలక నిలిచిపోయినవి.

అయితే కంపైలరు నీ విధముగా లోతుగా పరీక్షింప వీలులేదు. కారణము వ్యాకరణ తరగతిలో కూర్చున్న పిల్లవానికి సులభముగా తెలియును. ఉపాధ్యాయునికి "ళుగి మఠచ పటక" అని వ్రాసి యిచ్చినచో ఆయన మొదటి మాటకే కాగితమును త్రిప్పి పంపును. ఆయన పాండిత్యము పరీక్షకు రానేరాదు. "పలక చెట్టును త్రాగెను" అని వ్రాసి యిచ్చినచో కర్త, కర్మ, క్రియ యన్నియు వాని స్థానములలోనే యున్నవి. విభక్తి సరియే. త్రోసివేయుటకు వీలులేక ఆయన ఆలోచింపవలసి వచ్చును. కంపైలరు లోపలి గదులలోనికి పోవలెనన్నను ఇట్టి వాక్యములే కావలెను: రూపమున శుద్ధములు, మనుష్యు డెవ్వడును సాధారణముగా వ్రాయనివి.

ఇందులకు వ్యాకరణమును తలక్రిందులుగా వాడుదురు. మనము వ్యాకరణముతో వాక్యమును విడదీయుదుము. పరీక్షకులు అదే వ్యాకరణముతో వాక్యములను పుట్టింతురు. ప్రతి సూత్రమును ఒక్కసారియైనను ప్రయోగింపబడునట్లు వాక్యములను యంత్రముచేతనే కల్పించు పద్ధతిని పాల్ పర్డమ్ అను పండితుడు 1972లోనే ప్రకటించెను.

ఈ విద్య యెంత ఫలించెనో యూటా విశ్వవిద్యాలయమువారు 2011లో చూపిరి. వారు నిర్మించిన సీస్మిత్ అను సాధనము సీ భాషలో ప్రోగ్రాములను తానే కల్పించును. ఇచ్చట చిక్కొకటి కలదు. 1999 నాటి సీ ప్రమాణములో ఫలిత మిట్లుండవలెనని నిర్ణయింపక విడిచిన సందర్భములు 191 రకములు. వాటిలో నొక్కటి ప్రోగ్రాములో చేరినను, కంపైలరు ఏమి చేసినను తప్పనుటకు వీలులేదు. కావున సీస్మిత్ వాటి నన్నింటిని తప్పించుకొని వ్రాయవలెను. నా దృష్టిలో ఆ సాధనముయొక్క గొప్పతన మంతయు ఈ జాగ్రత్తలోనే యున్నది. ఇక, యంత్రము కల్పించిన ప్రోగ్రామునకు సరియైన జవాబు ఎవరికి తెలియును? ఎవ్వరికిని తెలియదు. అందుచేత ఒకే ప్రోగ్రామును పలు కంపైలరుల కిచ్చి జవాబులను పోల్చుదురు. నలుగురొక మాటయు నొక్కడు వేరొక మాటయు చెప్పినచో ఆ యొక్కనిపై అనుమానము. మూడేండ్లలో ఇట్లు బయటపడిన క్రొత్త దోషములు 325కు పైగా నుండెను. పరీక్షింపబడిన కంపైలరులలో దోషము లేనిది ఒక్కటియు లేకపోయెను. గణితనిరూపణముతో కట్టబడిన కాంప్‌సెర్ట్ అను కంపైలరులో మాత్రము, నిరూపణము జరిగిన నడిమి భాగమున, ఒక్క కంప్యూటరు ఆఱేండ్లు చేయదగినంత పని చేసి వెదకినను తప్పుగా మార్చిన వాక్యము దొరకలేదు.

ఇంతవరకు సీ భాష సంగతి. దాని వాక్యములు ఆంగ్లాక్షరములతో వ్రాయుదురు. మన అక్షరములు యంత్రములోనికి పోయినప్పు డేమగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచెను. ఐఫోనులకు ఒక తెలుగు అక్షరమును సందేశముగా పంపినచో దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయెను. అది ప్రకటనగా తెరపైకి వచ్చినచో ఫోనుయొక్క మొదటి తెరయే మాటిమాటికి కూలిపోయి, యజమానుడు లోనికి పోలేకపోయెను. ఆ అక్షరము "జ్ఞా". మనము నిత్యము వ్రాయు జ్ఞానము అను మాటలోని దానివలన ఏ హానియు లేదు. యంత్రములో నది నాలుగు గుర్తుల వరుస: జ, పొల్లు, ఞ, దీర్ఘము. హాని చేసిన వరుసలో ఞకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని యైదవ గుర్తు చేరియుండెను. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అందురు. అనగా వెడల్పు లేకయే ప్రక్క అక్షరముల కలయికను ఆపు గుర్తు. రాజ్‌కుమార్ అను పేరులో జకు క వత్తుగా చేరకుండునట్లు మన మీ గుర్తునే వాడుదుము. దీర్ఘమునకు ముందు దానికి పని లేదు. కాని వ్రాయగూడదను నిషేధమును లేదు. ఫిబ్రవరి 19వ తేదీన యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అను సవరణ నిచ్చి దోషమును తీర్చెను.

అక్షరములను కూర్చి చూపు ఆ భాగము కంపైలరు కాదు. కాని దాని పనియు గుర్తుల వరుసను ఒక వ్యాకరణము ననుసరించి గ్రహించుటయే. పిచ్చి అక్షరముల పద్ధతితో ఆ దోషము దొరకియుండునా? 2017 నాటి యూనికోడు పట్టికలో గుర్తులు 1,36,000కు పైబడి యుండెను. వాటినుండి కన్నులు మూసికొని అయిదింటిని తీసిన, సరిగా ఆ వరుసయే వచ్చు అవకాశమునకు హారము 26 అంకెల సంఖ్య. తెలుగు లిపి నెఱిగినవాడు లెక్కించు విధము వేఱు. కనుండి మవరకు 25, యనుండి హవరకు ఱ, ళలతో కూడ 10, మొత్తము హల్లులు 35. రెండేసి హల్లుల కలయికలు 1,225. తలకట్టుతో కలిపి గుణింతములు 13 అనుకొన్నచో 15,925 అక్షరములు. కనబడని గుర్తు ఉండుట, లేకుండుట అని రెండు విధములు చేసిన 31,850. నిమిషమున కొకటి చొప్పున చేతితో చూచినను 531 గంటల పని. యంత్రమునకు అది యొక లెక్కయే కాదు. లిపి నెఱుగుటవలన కలుగు లాభ మిట్టిది.

నేడు ప్రోగ్రాములలో పేర్లను తెలుగుననే పెట్టవచ్చును గనుక ఇదే ప్రశ్న మరల కంపైలరు వద్దకు వచ్చుచున్నది. పై తరగతుల విద్యార్థులు ఈ పరీక్షను తామే చేసి చూడవచ్చును. పైథాను భాషలో రాజ్కుమార్ అని జకు క వత్తు నిచ్చి పేరు పెట్టిన దాని కంపైలరు అంగీకరించును. రాజ్‌కుమార్ అని కనబడని గుర్తుతో వ్రాసిన, చెల్లని గుర్తు కలదని త్రోసివేయును. జావాస్క్రిప్టు రెంటిని అంగీకరించును. పైకము అను పేరులోని ఐత్వమును ఒక్క గుర్తుగా వ్రాయవచ్చును, ఎత్వమును దాని క్రింది గుర్తును వేఱువేఱుగ చేర్చియు వ్రాయవచ్చును. ఈ రెండు వ్రాతలును సమానములని యూనికోడు చెప్పును. పైథాను వాటిని ఒకే పేరుగా గ్రహించును. జావాస్క్రిప్టునకు అవి రెండు వేఱు పేర్లు. ఒకదానిలో పైకము నుంచి రెండవదానినుండి తీయబోయిన అచ్చట నేమియు దొరకదు. కంటికి మాత్రము రెండును ఒక్కటే.